పిట్‌లో చదువు

ఏ లిఫ్టులోనైనా బటన్ల పక్కన చిన్న రేకు ఉంటుంది. ఆరుగురు, 408 కిలోలు. ఎనిమిదిమంది, 544. పదిమంది, 680. మనిషికి 68 కిలోల చొప్పున కట్టిన లెక్క అది. పెళ్ళిభోజనం చేసొచ్చినవాడికీ అదే, ఏకాదశి ఉపవాసం ఉన్నవాడికీ అదే. ఎక్కేవాళ్ళ బరువును ఇంత కచ్చితంగా తేల్చేసిన దేశం, ఆ డబ్బాను విప్పి బిగించేవాడు ఏం నేర్చుకుని ఉండాలో తేల్చడానికి మాత్రం దశాబ్దాలు తీసుకుంది. ఆ దశాబ్దాల్లోనే నేను హైదరాబాదులో లిఫ్టు మెకానిక్‌నయ్యాను. ఎలా అయ్యానో చెప్తే మా వృత్తి చరిత్రలో సగం చెప్పినట్టే.

ఈ కథ ఎవరు మొదలుపెట్టినా అమెరికా నుంచే మొదలుపెడతారు. సరే, త్వరగా వెళ్ళొద్దాం. ఎలైషా ఓటిస్ కాలేజీలో చదివిన ఇంజనీరు కాడు. 1852లో న్యూయార్కు దగ్గర యాంకర్స్‌లో మంచాలు చేసే ఫ్యాక్టరీలో పెద్ద మెకానిక్. సామాన్లను పై అంతస్తుకు చేర్చే తట్ట తాడు తెగినా కింద పడకుండా పట్టుకునే ఏర్పాటు చేశాడు. 1854లో న్యూయార్కు క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శనలో తానే ఆ తట్టమీద నిలబడి, జనం చూస్తుండగా తాడు తెంపించాడు. తట్ట కాస్త జారి ఆగిపోయింది. 1857లో బ్రాడ్‌వేలోని ఒక దుకాణంలో మనుషులెక్కే లిఫ్టు పెట్టాడు. 1880లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో సీమెన్స్ కరెంటు లిఫ్టు చూపించింది. మన దేశంలో తమ మొదటి లిఫ్టును 1892లో కలకత్తా రాజభవనంలో బిగించామని ఓటిస్ కంపెనీ చెప్పుకుంటుంది. దాన్ని బిగించిన చేతులెవరివో, గ్రీజు పూసిన హెల్పరు ఎవరో ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. ఎక్కిన దొరల పేర్లు మాత్రం దొరుకుతాయి.

లిఫ్టులకంటూ మన దేశంలో పాతచట్టం బొంబాయిది, 1939 నాటిది. అప్పటికి మెరీన్ డ్రైవ్ వెంట మేడలు వరసగా లేస్తున్నాయి. లిఫ్టు పెట్టాలంటే ముందు అనుమతి, నడపాలంటే లైసెన్సు, ఇన్‌స్పెక్టరు తనిఖీ, ప్రమాదం జరిగితే కబురు. దాన్నే ఢిల్లీకీ వర్తింపజేశారు. పశ్చిమ బెంగాల్ 1955లో, కర్ణాటక 1974లో, తమిళనాడు 1997లో తమతమ చట్టాలు తెచ్చుకున్నాయి. మా రాష్ట్రంలో నేను ఉద్యోగం చేసినంతకాలం అలాంటి చట్టం లేదు. కరెంటు కనెక్షన్ వరకు ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు చూసేవాడు. ఆ పైన కంపెనీ పరువు, మెకానిక్ మనస్సాక్షి.

మరి మెకానిక్ తయారయ్యేదెక్కడ? యుద్ధం ముగిసి ఇళ్ళకు చేరుతున్న సైనికులకు పని చూపించడానికి ఢిల్లీ ప్రభుత్వం 1945లో ఒక డైరెక్టరేట్ పెట్టింది. దాని కింద నడిచిన శిక్షణ కేంద్రాలే తర్వాత మన ఐటీఐలకు పునాది. 1950లో చేతిపనుల శిక్షణ పథకం వచ్చింది, 1956లో ఐటీఐల నిర్వహణ రాష్ట్రాలకు దక్కింది, 1961లో అప్రెంటిస్‌ల చట్టం వచ్చింది. మల్లేపల్లి ఐటీఐలో నేను చేరేనాటికి ఇదంతా కుదురుకుని ఉంది. ఎలక్ట్రీషియన్ ట్రేడు, రెండేళ్ళు. మోటారు చుట్టడం, స్టార్టరు కలపడం, కాండ్యూట్ వంచడం చక్కగా నేర్పారు. లిఫ్టు మాత్రం మా బ్యాచికి ఎవరూ చూపించలేదు. బయటికొచ్చాక పరీక్ష రాసి వైర్‌మన్ పర్మిట్ తెచ్చుకున్నాను. రిటైరయ్యేదాకా సర్కారు నాకిచ్చిన అర్హత అదే. లిఫ్టు మెకానిక్ అన్న మాట కంపెనీ గుర్తింపు కార్డుమీద తప్ప ఎక్కడా లేదు.

నేర్పింది ఉస్తాద్. ఆయన బొంబాయిలో కంపెనీ శిక్షణ పొంది వచ్చినవాడు, దక్కనీలో మాట్లాడేవాడు, తెలుగులో తిట్టేవాడు. కొత్త హెల్పరుకు ఆయన మొదటి పాఠం "హాత్ పీఛే రఖ్, బేటా." చేతులు వెనక్కి కట్టుకుని చూడటమే. స్క్రూడ్రైవర్ అడగడానికే నెలలు పట్టేది. ఈలోగా పిట్ శుభ్రం చేయాలి. పిట్ అంటే లిఫ్టు కింద ఉండే గొయ్యి. అందులో ఊటనీళ్ళు, ఎలుకలు, బీడీ ముక్కలు, జారిపడిన తాళంచెవులు. దిగగానే ముందు స్టాప్ స్విచ్ నొక్కాలి, ఆ తర్వాతే రెండో కాలు నేలమీద పెట్టాలి. నొక్కకుండా దిగిన కుర్రాణ్ణి ఉస్తాద్ ఆ రోజుకి ఇంటికి పంపించేసేవాడు, కూలి కోసి. అప్పట్లో అది క్రూరంగా అనిపించేది. నేను ఉస్తాద్‌నయ్యాక నేనూ అదే చేశాను.

తర్వాతి తరగతి పట్టాలు. లిఫ్టు పెట్టె రెండు ఉక్కు పట్టాల మధ్య నడుస్తుంది, ఒక్కొక్కటి ఐదు మీటర్ల ముక్క. పెట్టె నడిచే నిలువు బావినే షాఫ్టు అంటారు. దాని పైన టెంప్లేటు కట్టి సన్నటి స్టీలు తీగెలు పిట్ దాకా వదిలేవాళ్ళం. కింద ఇనప గుళ్ళు. గాలికి అవి ఊగుతూనే ఉంటాయి కాబట్టి బకెట్లలో వాడేసిన ఇంజన్ ఆయిలు పోసి గుళ్ళను అందులో ముంచేవాళ్ళం. తీగె నిలిచేదాకా ఎవరూ షాఫ్టులో అడుగు కదపకూడదు. నిలిచాక దాన్నిబట్టి బ్రాకెట్లు, బ్రాకెట్ల వెనక పల్చటి రేకుముక్కలు, మిల్లీమీటరు లెక్కన సర్దుబాటు. అతుకుల దగ్గర ఆకురాయితో నునుపు చేయాలి. తాపీమేస్త్రీ కట్టిన షాఫ్టు ఏనాడూ నిటారుగా ఉండదు. నాలుగో అంతస్తులో రెండంగుళాలు లోపలికొచ్చి, ఆరో అంతస్తులో బయటికి పోయి ఉంటుంది. బిల్డరు "మా గోడ కరెక్టే, మీ తీగె వంకర" అని వాదించేవాడు. నూనెలో నిలిచిన గుండుతో వాదించి గెలిచిన బిల్డరును నేను చూడలేదు.

పట్టాలు అయ్యాయంటే పరీక్ష ఉండేది. ఉస్తాద్ లిఫ్టు నేలమీద రూపాయి బిళ్ళను అంచుమీద నిలబెట్టి, పైదాకా నడిపించేవాడు. బిళ్ళ పడిపోతే మళ్ళీ రేకుముక్కలు తీయాల్సిందే. ఏ బోర్డూ పెట్టని ఆ పరీక్షే మాకు ట్రేడ్ టెస్ట్.

రోపు సాకెట్ పోత ఇంకా కష్టమైంది. ఇప్పటి పిల్లలకు దాదాపు తెలియదు, వెడ్జ్ సాకెట్లు వచ్చాక అవసరం తగ్గింది. ఉక్కు రోపు కొన విప్పి, పోగులు విడదీసి, కిరోసిన్‌లో కడిగి, పోగుల చివరలు లోపలికి వంచి, సాకెట్ గరాటులోకి లాగి, పైనుంచి కరిగిన తెల్లలోహం పోయాలి. వేడి సరిపోయిందా లేదా చూడటానికి థర్మామీటరు లేదు. ఒక పుల్ల ముంచితే నల్లబడాలి, అంటుకోకూడదు. అంటుకుంటే లోహం మరీ కాగిందన్నమాట. సాకెట్‌ను ముందే వెచ్చచేయాలి, లోపల చెమ్మ ఉంటే కరిగిన లోహం మొహం మీదికి చిందుతుంది. ఒకే గుక్కలో పోయాలి, ఆపి పోస్తే పొర పడుతుంది. ఉస్తాద్ చెయ్యి పట్టుకుని పోయించాడు నా చేత. ఆ రోపు మీద ఎక్కబోయే మొదటి మనిషి ఎవరు అని అడిగాడు. నేనే అన్నాను. అదే సరైన జవాబని ఆయన టీ తాగించాడు.

ఆఖరున సేఫ్టీ టెస్ట్. ఇక్కడ ఓటిస్ మళ్ళీ వస్తాడు. పెట్టెలో రేకుమీద రాసినంత బరువు ఇనప దిమ్మెలు పేర్చి, మోటారుండే మెషిన్ రూములో, వేగం మితిమీరితే పట్టే గవర్నర్‌ను చేత్తో పట్టించి కిందికి వదులుతారు. పెట్టె కింది దవడలు పట్టాలను కరిచి పట్టుకోవాలి. ఆగాక పెట్టె సమంగా ఉందో లేదో కొలవాలి, పట్టాలమీద పడిన కాట్లను ఆకురాయితో నున్నగా చేయాలి. 1854లో ఆయన జనం ముందు చేసింది, మేం చీకటి షాఫ్టులో చప్పట్లు లేకుండా చేసేవాళ్ళం. ఈ పరీక్ష చేయకుండానే సంతకం పెట్టిన హ్యాండోవర్ కాగితాలు నాకు తెలుసు. ఎవరివని అడగొద్దు.

మెషిన్ రూము చదువు చెవితో చదివేది. రిలే ప్యానెళ్ళ కాలం అది. తలుపు మూసుకుంటే ఒక టక్, డైరెక్షన్ రిలేకి ఒక టక్, బ్రేకు విడిపోతే బరువైన చప్పుడు, ఆపైన మోటారు. ఈ వరసలో ఒక్క టక్ తప్పినా ఉస్తాద్ సర్క్యూట్ చూడకుండానే "మూడో అంతస్తు లాకు" అనేవాడు. చాలాసార్లు అదే అయ్యేది, ఎందుకంటే లిఫ్టు మొరాయింపుల్లో పెద్ద వాటా తలుపు లాకులదే. దసరాకి వాచ్‌మన్లు మెషిన్‌కి పూజ చేసేవాళ్ళు. మోటారుకు కుంకుమ పెట్టండి, ట్రాక్షన్ చక్రానికి నిమ్మకాయ కట్టొద్దు, ప్యానెల్‌మీద పసుపు చల్లొద్దు అని బతిమాలేవాణ్ణి. కాంటాక్టుల మధ్య పడిన పసుపుతో లిఫ్టు పండగపూటే ఆగిపోతుంది.

ప్రాణం తీసే పాఠం ఒకటుంది, జంపర్ వైరు. తలుపు లాకు పనిచేయకపోతే, తప్పు ఎక్కడుందో వెతకడానికి ఆ లాకును దాటవేసి ఒక తీగెముక్క కలుపుతారు. అప్పుడు తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. పని అయ్యాక ఆ ముక్క తీయాలి. తీయకపోతే, మర్నాడు ఎవరో తలుపు తీసి పెట్టె ఉందనుకుని అడుగు పెడతారు. ఉస్తాద్ జంపర్లకు ఎర్ర గుడ్డపీలిక కట్టేవాడు, వచ్చేముందు లెక్క పెట్టించేవాడు. లెక్క తక్కువైతే ఆ బిల్డింగు వదిలేది లేదు, అర్ధరాత్రయినా సరే. లిఫ్టు మెకానిక్‌కు శిక్షణ ఎందుకు, ఎలక్ట్రీషియన్ చాలడా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఈ తీగెముక్కే. ఎలక్ట్రీషియన్‌కు లైటు వెలిగితే పని అయినట్టు. మాకు లిఫ్టు నడిచినా పని కానట్టే.

ఎనభైల్లో బషీర్‌బాగ్, ఆబిడ్స్, బేగంపేటల్లో మేడలు లేచాయి, తర్వాత వీధివీధికీ అపార్ట్‌మెంట్లు. 1998లో సైబర్ టవర్స్ తెరిచారు. లిఫ్టులు పెరిగినంత వేగంగా ఉస్తాద్‌లు పెరగలేదు. విడిభాగాలు తెచ్చి బిగించే చిన్న కంపెనీలు పుట్టాయి. ఏడాది పిట్ ఊడ్చిన హెల్పరు బ్యాగు కొనుక్కుని మెకానిక్ అయిపోయాడు. తప్పు వాడిదని నేననను. వాణ్ణి ఆపే పరీక్ష లేదు, అడిగే అధికారి లేడు, అపార్ట్‌మెంటు సంఘం వాళ్ళకు నెలకు తక్కువ అడిగినవాడే మంచి మెకానిక్. మరోపక్క రిలేలు పోయి మైక్రోప్రాసెసర్ ప్యానెళ్ళు వచ్చాయి. కంపెనీల చేతి పరికరం లేకపోతే కొన్ని ప్యానెళ్ళు నోరు విప్పవు. ఉస్తాద్ చెవికి పని లేకుండా పోయింది. ఆయన చివరి ఏళ్ళలో మెషిన్ రూములో కూర్చుని "గూంగా హో గయా" అనేవాడు, మూగదైపోయిందని. 1996లో కోనె కంపెనీ మెషిన్ రూమే లేని లిఫ్టు తెచ్చింది. ఆయనకు కూర్చోడానికి ఆ గది కూడా మిగల్లేదు.

ఎస్కలేటరు మా చేతికి ఆలస్యంగా వచ్చింది, మాల్స్‌తో. 2017 నవంబరులో మెట్రో మొదలయ్యాక అది స్టేషన్ స్టేషన్‌కీ వచ్చేసింది. అది వేరే జంతువు. గొయ్యి లోతు ఉండదు కానీ మెట్లు రెండు మూడు తీసేసి, ఆ ఖాళీలోంచి లోపల పనిచేయాలి. బటన్ డబ్బా ఎవరి చేతిలో ఉందో వాడొక్కడే నడపాలి. చివర దువ్వెన పళ్ళు ఒక్కటి విరిగినా చీర కొంగు, పిల్లల మెత్తటి చెప్పు అందులోకి పోతాయి. లిఫ్టు మెకానిక్ ఎస్కలేటరు చేయగలడు అనుకోవడం, చేయగలిగినవాళ్ళ అదృష్టం మీద ఆధారపడటమే.

ఇప్పుడు ఐటీఐల ట్రేడుల జాబితాలో లిఫ్ట్ అండ్ ఎస్కలేటర్ మెకానిక్ అని ఉంది. పదో తరగతి పాసై చేరొచ్చు, రెండేళ్ళు, చివర జాతీయ సర్టిఫికెట్. మాకు దక్కనిది వీళ్ళకు దక్కింది, సంతోషమే. కానీ షాఫ్టు లేని ఐటీఐలో లిఫ్టు నేర్పడం చెరువు లేని ఊళ్ళో ఈత నేర్పడమే. ఆ కాగితం వెనక కనీసం రెండు అంతస్తుల షాఫ్టు, ఒక పిట్, చేతులు వెనక్కి కట్టించే ఒక ఉస్తాద్ ఉండాలి. బొంబాయి చట్టం దారిలో వచ్చిన చట్టాలన్నీ ప్రధానంగా యజమానినీ యంత్రాన్నీ పట్టుకున్నాయి. రేపు మన రెండు రాష్ట్రాలు ఏ చట్టం రాసుకున్నా, మెకానిక్‌ను కూడా పేరు పెట్టి అందులోకి ఎక్కించాలి.

అదయ్యేలోగా మీరు చేయగలిగింది ఉంది. మీ అపార్ట్‌మెంటు లిఫ్టుకు మరమ్మతు పుస్తకం ఉందో లేదో అడగండి. సేఫ్టీ టెస్ట్ చివరిసారి ఏ తేదీన చేశారో అందులో చూడండి. ఈసారి మెకానిక్ వచ్చినప్పుడు టీ ఇచ్చి, ఎక్కడ నేర్చుకున్నావు బాబూ, నీ సర్టిఫికెట్ ఏదీ అని అడగండి. నిజంగా నేర్చుకున్నవాడైతే ఆ ప్రశ్నకు నొచ్చుకోడు.