అంగన్‌వాడీ, వికలాంగ బాలలు: రెండు దారుల చరిత్ర

గత భాగంలో స్వాతంత్ర్యానంతర సంక్షేమ రాజ్య భావన గురించి చదివారు. ఈ భాగంలో ఆరేళ్లలోపు పిల్లల కోసం ప్రభుత్వం చేపట్టిన కార్యక్రమాలు ఎలా పుట్టాయో, వాటిలో వికలాంగ బాలలకు ఏ మేరకు చోటు దొరికిందో పరిశీలిద్దాం. మామూలుగా పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ రెండు వేర్వేరు అధ్యాయాలుగా చెబుతాయి. అది పుస్తకాలు రాసేవారి అలవాటు మాత్రమే కాదు. ప్రభుత్వ శాఖలు కూడా అలాగే విడిపోయి పనిచేశాయి. ఆ చీలిక ఎక్కడ మొదలైంది, దానివల్ల ఎవరు నష్టపోయారు అన్నది ఈ భాగంలోని ప్రధాన ప్రశ్న.

వాకిట్లో బడి

అంగన్‌వాడీ పథకం 1975లో మొదలైంది కాని ఆ మాట అంతకంటే పాతది. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరాన్ని స్థాపించారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ మాంటిస్సోరి పద్ధతిని నమ్మారు. అయితే ఖరీదైన మాంటిస్సోరి పరికరాలు పల్లెలకు అందవని కూడా గ్రహించారు. 1945లో అప్పటి బొంబాయి ప్రావిన్సులోని బోర్డీ గ్రామంలో, 1957 నుంచి కోస్‌బాడ్‌లో ఆదివాసుల మధ్య, అనుతాయి వాఘ్‌తో కలిసి ఆమె బాలవాడీలు నడిపారు. గులకరాళ్లు, గింజలు, ఆకులు, గవ్వలే బోధనోపకరణాలు. పిల్లలు బడికి రాకపోతే బడే వాళ్ల ముంగిట్లోకి వెళ్లాలన్నది ఆమె ఆలోచన. అంగన్ అంటే ముంగిలి. అలా ముంగిట్లో నడిచే బడి అంగన్‌వాడీ అయింది. తారాబాయి 1973లో మరణించారు. తాను పెట్టిన పేరు దేశమంతటా ప్రభుత్వ బోర్డుల మీదికి ఎక్కడం ఆమె చూడలేదు.

ఈ కథలో తెలుగువారికి దగ్గరి వ్యక్తి దుర్గాబాయి దేశ్‌ముఖ్. రాజమండ్రిలో పుట్టి, రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో సభ్యురాలైన ఆమె 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు. ప్రభుత్వమే అన్నీ నడపలేదు, స్వచ్ఛంద సంస్థలకు గ్రాంటు ఇచ్చి నడిపించాలి అన్నది మండలి విధానం. 1954లో మొదలైన సంక్షేమ విస్తరణ ప్రాజెక్టుల్లో బాలవాడీ, ప్రసూతి సేవలు, స్త్రీలకు చేతిపనులు కలిసి ఉండేవి. పిల్లల చదువును తల్లి ఆరోగ్యం నుంచి విడదీయకపోవడం ఇక్కడ గమనించదగ్గది. దుర్గాబాయి మద్రాసులో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ తరువాతి కాలంలో పోలియో సోకిన పిల్లల కోసం ఆర్థోపెడిక్ కేంద్రాన్ని నడిపింది. అంధుల కోసం వసతి పాఠశాల, వర్క్‌షాపు ఏర్పాటులోనూ ఆమె పాత్ర ఉంది. అంటే ఆ తరం కార్యకర్తల దృష్టిలో బాలవాడీ, వికలాంగ శిశువు రెండు వేర్వేరు లోకాలు కావు. వాటిని వేరుచేసింది తరువాత వచ్చిన పరిపాలనా విభజన.

1974, 1975

1960ల చివర, 1970ల మొదట్లో పిల్లల పోషకాహార లోపం మీద చర్చ తీవ్రమైంది. 1970-71లో ప్రత్యేక పోషకాహార కార్యక్రమం వచ్చింది. మీనా స్వామినాథన్ అధ్యక్షతన ఏర్పడిన అధ్యయన బృందం 1972లో ఇచ్చిన నివేదిక, బడి వయసు రాని పిల్లల వికాసాన్ని ఆహారం, ఆరోగ్యం, విద్య కలిపి చూడాలని చెప్పింది. 1974 ఆగస్టులో జాతీయ బాలల విధానం ప్రకటించారు. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చింది. మూడు నెలల తరువాత, అక్టోబరు 2న, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 33 ప్రాజెక్టుల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. మనం ఐ.సి.డి.ఎస్. అని పిలిచేది దీన్నే. ఆ ప్రాజెక్టులు గ్రామీణ, గిరిజన, పట్టణ ప్రాంతాలవి.

పూరక పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, పైస్థాయి వైద్యానికి పంపడం, తల్లులకు పోషకాహార-ఆరోగ్య విద్య, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య అనే ఆరు సేవలను ఒకే గుమ్మంలో అందించాలన్నది పథకం. అందుకు నియమించింది ఒక కార్యకర్తను, ఒక సహాయకురాలిని. వారికి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఈ మాట గుర్తుంచుకోండి. దీనిపై తరువాత న్యాయస్థానాల్లో పెద్ద వాదనే నడిచింది.

సరిగ్గా దీనికి ఏడాది ముందు, 1974లో, వికలాంగ బాలల సమైక్య విద్యా పథకం మొదలైంది. అవయవ లోపం, చూపు లోపం, వినికిడి లోపం ఉన్న పిల్లలను ప్రత్యేక పాఠశాలలకే పరిమితం చేయకుండా మామూలు బడుల్లో చేర్చడం దాని ఉద్దేశం. పుస్తకాలు, యూనిఫాం, రవాణా భత్యం, ప్రత్యేక ఉపాధ్యాయులు అందులో భాగం. రెండు పథకాలూ కేంద్రంలో సాంఘిక సంక్షేమ శాఖ నుంచే వచ్చాయి. అయినా ఒకటి బడిలో ఉన్న వికలాంగ బాలుణ్ణి చూసింది, రెండవది బడి వయసు రాని మామూలు శిశువును చూసింది. బడి వయసు రాని వికలాంగ శిశువు రెంటి మధ్యా మిగిలిపోయాడు. ఒకే కప్పు కింద రాసిన రెండు ఫైళ్లను అప్పుడే కలిపి ఉంటే తరువాతి నలభై ఏళ్ల చరిత్ర కొంత వేరుగా ఉండేదని ఈ రచయిత అభిప్రాయం.

తరువాత ఆ ఒకే కప్పు కూడా మిగల్లేదు. సమైక్య విద్యా పథకం 1982లో విద్యాశాఖకు మారింది. 1985లో స్త్రీ శిశు అభివృద్ధి విభాగం మానవ వనరుల అభివృద్ధి మంత్రిత్వ శాఖలోకి వెళ్లింది. వికలాంగుల సంక్షేమం సంక్షేమ మంత్రిత్వ శాఖలో ఉండిపోయింది. వైద్యం ఎప్పటిలా ఆరోగ్య శాఖది. మాటలు రాని ఒక మూడేళ్ల పాప ఇప్పుడు నాలుగు కార్యాలయాల పని అయింది. నాలుగు కార్యాలయాల పని అంటే ఏమవుతుందో పల్లెలో ఎవరినడిగినా చెబుతారు.

ప్రత్యేక రిజిస్టరు

అంగన్‌వాడీ వ్యవస్థ వికలాంగ శిశువులను పూర్తిగా మరచిపోయిందని అనడం మాత్రం న్యాయం కాదు. కార్యకర్త చిన్నపిల్లల్లో వైకల్యాలను గుర్తించి, ఒక ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి దగ్గరికి పంపాలని పథకం నియమాల్లోనే ఉంది. చిక్కు ఆ తరువాతి మెట్టులో ఉంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రెండున్నరేళ్ల పాప పిలిస్తే తిరిగి చూడదు. అమ్మమ్మ "మా ఇంట్లో అందరికీ మాటలు ఆలస్యమేనమ్మా" అంటుంది. పాప బరువు సరిగానే ఉంది. కార్యకర్త చేతిలో ఉన్న ఎదుగుదల పట్టిక వయసుకు తగ్గ బరువు ఉందా లేదా అన్నది చెబుతుంది కాని, చెవులు వినిపిస్తున్నాయా లేదా అన్నది చెప్పదు. ఆ పట్టికలో పాప ఆరోగ్యవంతురాలు. ఒకవేళ కార్యకర్త అనుమానించి పంపినా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వినికిడి పరీక్ష చేసే నిపుణుడు ఉండడు. జిల్లా కేంద్రానికి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది. మాటలు నేర్చుకునే తొలి ఏళ్లు అలా తిరగడంలోనే గడిచిపోతాయి. రిజిస్టరులో మాత్రం పేరు ఉంటుంది. ఈ కోర్సు చదువుతున్న అంగన్‌వాడీ టీచర్లకు ఈ ఉదాహరణ కొత్తగా అనిపించకపోవచ్చు.

నిపుణులు అసలు లేరని కాదు. 1984లో సికింద్రాబాద్‌లోని మనోవికాస్‌నగర్‌లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. ప్రత్యేక విద్య, పునరావాస రంగాల్లో సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రంగా అది ఎదిగింది. ఇటీవలి కాలంలో దాని పేరును మేధో వైకల్యం గలవారి సాధికారత సంస్థగా మార్చారు. పేర్ల మార్పు చిన్న విషయం కాదు. పాత దస్తావేజుల్లో మూగ, చెవిటి, కుంటి, మందబుద్ధి అన్న మాటలు కనిపిస్తాయి. ఆ తరువాత వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అన్న మాటలు వచ్చాయి. అయితే నిపుణుల శిక్షణ నగరాల్లో జరిగింది. శిశువులు ఊళ్లలో ఉన్నారు.

చట్టంలో వయసు గీత

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో 25వ సెక్షన్ పిల్లలందరినీ కనీసం ఏడాదికి ఒకసారి పరీక్షించి, వైకల్యం వచ్చే ప్రమాదం ఉన్నవారిని గుర్తించాలని చెప్పింది. 26వ సెక్షన్ పద్దెనిమిదేళ్లు నిండేవరకు ఉచిత విద్య అందాలని చెప్పింది. ఏ వయసు నుంచి అన్నది అందులో లేదు.

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ విద్యను ప్రాథమిక హక్కు చేసింది. అయితే ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకే. మొదటి రాజ్యాంగంలో 45వ అధికరణ పద్నాలుగేళ్లు నిండేవరకు అందరు పిల్లల విద్య గురించి మాట్లాడింది. సవరణ తరువాత అదే అధికరణ ఆరేళ్లలోపు వారి సంరక్షణ, విద్యలకే పరిమితమై ఆదేశిక సూత్రాల్లోనే ఉండిపోయింది. 2009 విద్యా హక్కు చట్టం కూడా మూడేళ్లు దాటిన పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు ప్రభుత్వం "చేయవచ్చు" అని మాత్రమే అంది. "చేయాలి" అనలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచింది. ఇది పెద్ద ముందడుగు. కాని ఉచిత విద్య హక్కు విషయంలో అది కూడా ఆరు నుంచి పద్దెనిమిదేళ్లు అన్న గీతనే గీసింది. ఆరేళ్ల కింద ఉన్నది సేవ, ఆరేళ్ల పైన ఉన్నది హక్కు. వైకల్యం ఉన్న శిశువుకు అన్నిటికంటే విలువైన ఏళ్లు గీతకు అవతలి వైపు పడ్డాయి.

2006 డిసెంబరు

ఆహార హక్కు కోసం పౌరహక్కుల ప్రజాసంఘం 2001లో సుప్రీంకోర్టులో వేసిన కేసు అంగన్‌వాడీల చరిత్రను మలుపు తిప్పింది. 2006 డిసెంబరు 13 నాటి ఉత్తర్వులో, 2008 డిసెంబరు నాటికి దేశంలో కనీసం 14 లక్షల కేంద్రాలు ఉండాలని కోర్టు ఆదేశించింది. ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని ఆవాసం అడిగితే మూడు నెలల్లో ఇవ్వాలని కూడా చెప్పింది. అదే నెలలో, అమీర్‌బీ అనే మరో కేసులో, అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వ పౌర ఉద్యోగులు కారని అదే కోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం ప్రజల హక్కు, దాన్ని నడిపే మహిళ మాత్రం గౌరవ వేతనం మీద స్వచ్ఛంద సేవకురాలు. ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చదవండి. వారికి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది 2022 ఏప్రిల్‌లో.

గుర్తింపు నుంచి చికిత్స దాకా

1974-75లో తెగిన దారాన్ని కొంతైనా ముడివేసింది 2013 ఫిబ్రవరిలో ఆరోగ్య శాఖ మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. దాన్ని ప్రారంభించిన చోటు పాల్ఘర్. అప్పటికి అది, తారాబాయి పనిచేసిన కోస్‌బాడ్ ఉన్న థానే జిల్లాలోనే ఉంది. ఇది ఎవరూ కావాలని చేసింది కాకపోవచ్చు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషక లోపాలు, బాల్య వ్యాధులు, వైకల్యాలతో సహా ఎదుగుదలలో జాప్యాలు అనే నాలుగు వర్గాల కింద 30 సమస్యలను ఈ కార్యక్రమం తీసుకుంది. సంచార వైద్య బృందం ప్రతి అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, ప్రతి బడికి ఒకసారి వెళ్లాలి. గుర్తించిన పిల్లలకు జిల్లా సత్వర చికిత్సా కేంద్రంలో వినికిడి, చూపు, మాట, కదలికల నిపుణులు ఒకేచోట ఉండాలి. రిజిస్టరు తరువాతి మెట్టు ఏమిటన్న పాత ప్రశ్నకు ఇది మొదటి స్పష్టమైన జవాబు. గ్రహణమొర్రి, వంకర పాదాలు వంటివి గ్రహణ దోషమనో, రాత అనో వదిలేసిన కుటుంబాలకు శస్త్రచికిత్స దారి తెరుచుకుంది.

కాని శస్త్రచికిత్సతో సరిచేయగల లోపాలకు పనిచేసినంతగా, నెలల తరబడి శిక్షణ అవసరమయ్యే ఆటిజం, మేధో వైకల్యం వంటి వాటికి ఈ పద్ధతి సరిపోదు. అక్కడ బిడ్డకు కావలసింది వారానికి రెండు మూడు సార్లు దగ్గరలో దొరికే సహాయం. తెలుగు రాష్ట్రాల్లో భవిత కేంద్రాలు ఇలాంటి పనే చేస్తాయి. అయితే అవి విద్యాశాఖ కిందివి, ప్రధానంగా బడి ఈడు పిల్లలవి. పెన్షన్‌కు సదరం శిబిరంలో శాతం తేలాలి. ఇలా పాత గీతలు ఇంకా చెరిగిపోలేదు.

2023 నవంబరు 28న కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ మార్గదర్శకాలను విడుదల చేసింది. ముందుగా గుర్తించడం, మిగతా పిల్లలతో కలిపి అంగన్‌వాడీలో కూర్చోబెట్టడం, ఆశా, ఏ.ఎన్.ఎం., బాల స్వాస్థ్య బృందాల ద్వారా చికిత్సకు పంపడం అందులోని మూడు దశలు. రెండవ దశ కొత్తది. 1975 నాటి నియమం వికలాంగ శిశువును నమోదు చేసి పంపమంది. ఇది కేంద్రంలోనే ఉంచుకొని ఆడించమంటోంది. ఆ పనికి పాటలు, ఆటలు, కూర్చునే తీరు మార్చుకోవాలి. ఆ మార్పు చేయవలసింది కూడా అదే కార్యకర్త. ఆ మార్గదర్శకాలు వచ్చిన రెండు వారాలకు, డిసెంబరు 12న, ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు సమ్మెకు దిగారు. అది 42 రోజులు నడిచింది. వారి డిమాండ్లలో వేతనాల పెంపుతో పాటు, 2022లో సుప్రీంకోర్టు వర్తిస్తుందని చెప్పిన గ్రాట్యుటీ కూడా ఉంది.