గుర్రం మీది గొర్రెల రైతు

మా నాన్న పాలమూరు నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు కేప్‌టౌన్ తీసుకెళ్ళాను. ఆ రోజు టేబుల్ మౌంటెన్ మబ్బుల్లో దాక్కుంది. చేసేదిలేక ఊళ్ళో తిరుగుతూ పార్లమెంటు ముందున్న విగ్రహం దగ్గర ఆగాం. గుర్రమెక్కిన జనరల్ లూయీ బోతా. పీఠం మీద మూడు మాటలు: రైతు, యోధుడు, రాజనీతిజ్ఞుడు. చదివి చెప్పాను.

"ఏం పండించెటోడు?" అన్నాడు నాన్న.

"ఎక్కువగా గొర్లు, పశువులే."

నాన్న కాసేపు పైకి చూసి, "గొర్లు కాసెటోనికి గుర్రమెందుకురా?" అన్నాడు.

నవ్వుకున్నాం గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మా తాత గొర్రెల కాపరి. ఎండాకాలం మేత అయిపోగానే మందను తోలుకొని కృష్ణ దాటి పోయేవాడు. రాత్రి ఎవరి చేలో మంద పెడితే, ఎరువు దక్కినందుకు ఆ రైతు గింజలు కొలిచేవాడు. ఎంత దూరం పోయినా ఆ నేల తమది కాదని తెలిసిన బతుకు. అందుకే బోతా గురించి చదవడం మొదలుపెట్టినప్పుడు మొదట్లో అతను నాకు మా ఇంటి మనిషిలాగే కనిపించాడు.

1862 సెప్టెంబర్ 27న నటాల్‌లోని గ్రేటౌన్ దగ్గర పుట్టాడు. తల్లిదండ్రులకు 13 మంది పిల్లలు. కుటుంబం ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌కు తరలిపోయింది. బడి చదువు అంతంతమాత్రం. జులూ, సెసోతో భాషలు మాత్రం బాగా వచ్చు. చలికాలం మంచుకు ఎత్తు మైదానాల్లో గడ్డి ఎండిపోతుంది. అప్పుడు ఇంటి గొర్రెల్ని తోలుకొని, వెచ్చగా ఉండే జులూ సరిహద్దుకు దిగేవాడు. అచ్చం మా తాత చేసిన పనే.

దారులు వేరైంది 1884లో. జులూ రాజ్యాన్ని ఆంగ్లేయులు 1879లోనే విరగ్గొట్టారు. రాజు సెట్ష్వాయో చనిపోయాక, ఇంకా మీసాలైనా రాని కొడుకు దినుజులుకు శత్రువుల పోరు ఎక్కువైంది. సాయం చేస్తాం, భూమి ఇవ్వమన్నారు బోయర్లు. 21 ఏళ్ళ బోతా వాళ్ళలో చేరాడు. జూన్‌లో యుద్ధం గెలిచారు. తర్వాత కూలి అడిగారు చూడండి, రాజ్యంలో పెద్ద ముక్కే అడిగారు! అక్కడ 'న్యూ రిపబ్లిక్' అని ఒక దేశమే పెట్టుకున్నారు. దాని రాజధాని ఫ్రైహైడ్. ఆ మాటకు అర్థం స్వేచ్ఛ. బోతాకూ పొలం దక్కింది. తర్వాత ఫ్రైహైడ్ దగ్గరే వాటర్‌వాల్ అనే పొలంలో కాపురం పెట్టాడు.

ఆ రోజుల్లో బోయరు పొలమంటే మామూలుగా 3,000 మోర్గెన్లు, అంటే సుమారు 6,000 ఎకరాలు. అంత పొలం కాలినడకన చూసుకోలేరు. నాన్న ప్రశ్నకు జవాబు అదే.

యోధుడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1899లో యుద్ధం వద్దన్నవాళ్ళలో బోతా ఒకడు. వచ్చాక మాత్రం కొలెన్సోలో, స్పియన్ కోప్‌లో ఆంగ్లేయుల్ని ఓడించాడు. ఆ గాయపడిన ఆంగ్ల సైనికుల్ని మోసింది గాంధీగారి అంబులెన్స్ దళం. దాదాపు 1,100 మందిలో 800 మంది గిరిమిట్ కూలీలు. మద్రాసు ఓడలెక్కి వచ్చిన తెలుగువాళ్ళు అందులో లేరని నేననుకోను. 1902 మే 31న సంధి. సరిగ్గా ఎనిమిదేళ్ళకు, 1910 మే 31న, బోతా దక్షిణాఫ్రికా యూనియన్‌కు మొదటి ప్రధానమంత్రి.

ప్రధాని కాగానే చేసిన పనుల్లో ఒకటి నాకు నచ్చుతుంది. దినుజులు అప్పటికి ఆంగ్లేయుల జైల్లో ఉన్నాడు. పాత స్నేహం మరచిపోకుండా విడిపించి, ట్రాన్స్‌వాల్‌లో ఒక పొలంలో ఉంచాడు. కాని సొంత గడ్డకు పోనివ్వలేదు. తన రాజ్యంలోంచి పొలాలు పంచిన రాజు, 1913 అక్టోబరులో ఆ పరాయి పొలంలోనే పోయాడు.

అదే నెలలో న్యూకాజిల్ గనుల్లో మనవాళ్ళు సమ్మె కట్టారు. గిరిమిట్ తీరినవాళ్ళ మీద ఏటా మూడు పౌన్ల పన్ను ఉండేది. మొదటి ఏడు కూలీకి నెలజీతం పది షిల్లింగులు. అంటే పన్ను ఆరునెలల జీతం! 1895లో ఈ చట్టం ఎందుకు తెచ్చారంటే, గడువు తీరినవాళ్ళు డర్బన్ చుట్టూ చిన్నచిన్న చెక్కలు కౌలుకు తీసుకొని కూరగాయలు పండిస్తున్నారు. తోటల దొరలకు కావలసింది కూలీలే గాని రైతులు కాదు. 1912లో గోఖలే వచ్చి బోతాను, స్మట్స్‌ను కలిసి, పన్ను పోతుందన్న నమ్మకంతో తిరిగి వెళ్ళారు. పోలేదు. వేలమంది పని మానేసి, జైళ్ళు నిండాక, 1914లో పోయింది.

నల్లవాళ్ళకు ఆ మాత్రం కూడా జరగలేదు. 1913 జూన్‌లో బోతా ప్రభుత్వం తెచ్చిన భూమి చట్టం, జనాభాలో మూడింట రెండువంతులున్న వాళ్ళకు దేశంలో సుమారు 7 శాతం నేల మిగిల్చింది. బయట కొనకూడదు, కౌలుకు తీసుకోకూడదు. ఫ్రీ స్టేట్‌లో తెల్లవాడి పొలంలో పాలుకు చేసుకునేవాళ్ళు నౌకర్లుగా మారాలి, లేదా మందలతో సహా లేచిపోవాలి. బోతా చిన్నప్పుడు గొర్రెలు కాసిన రాష్ట్రమే అది. చలికాలమూ అదే. సోల్ ప్లాట్జె అనే పత్రికా సంపాదకుడు సైకిలు మీద ఆ దారుల్లో తిరిగి, చూసింది 1916లో పుస్తకంగా వేశాడు. దారిలో బిడ్డ చనిపోతే, ఎవరి నేలో అన్న భయంతో రాత్రివేళ దొంగచాటుగా పూడ్చుకున్న కుటుంబం అందులో ఉంది.

బోతా 1919 ఆగస్టు 27న ప్రిటోరియాలో పోయాడు.

ఈ సంగతులన్నీ ఒక ఆదివారం ఫోనులో నాన్నకు చెప్పాను. గుర్రం సంగతి, 6,000 ఎకరాల సంగతి విని ఊఁ కొట్టాడు. ప్లాట్జె రాసింది చెప్పాక మాత్రం, "మరి వాళ్ళ గొర్లు ఏమైనయిరా?" అన్నాడు.

మేత లేక, ఆగడానికి చోటులేక, దారి పొడుగునా చచ్చిపోయాయని చెప్పాను.