బ్రూస్-మిట్‌ఫర్డ్, రూపర్ట్ (1914–1994)

బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త. లండన్‌లో పుట్టారు. 1938లో బ్రిటిష్ మ్యూజియంలో చేరారు. మరుసటి ఏడాది సఫోక్‌లోని సట్టన్ హూ వద్ద మట్టిదిబ్బ కింద 7వ శతాబ్దపు ఓడ సమాధి బయటపడింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి, 1946లో తిరిగొచ్చాక అందులో దొరికిన నిధి అధ్యయన బాధ్యత చేపట్టారు. అదే ఆయన జీవితకాలపు కృషి అయింది.

సుమారు 27 మీటర్ల ఓడలో చెక్క పూర్తిగా కుళ్లిపోయింది. ఇసుకలో దాని అచ్చు, తుప్పుపట్టిన ఇనుప మేకులు మాత్రమే మిగిలాయి. మృతదేహపు ఆనవాలూ కనబడలేదు. ఆమ్లగుణమున్న నేలలో అది కరిగిపోయిందని ఫాస్ఫేట్ పరీక్షలు సూచించాయి. సమాధిలోని 37 బంగారు నాణేల కాలాన్ని బట్టి, అది తూర్పు ఆంగ్లియా రాజు రాడ్‌వాల్డ్‌ది కావచ్చని బ్రూస్-మిట్‌ఫర్డ్ వాదించారు.

1965–70 మధ్య ఆ స్థలంలో మళ్లీ తవ్వకాలు జరిగాయి. సమాధిలో దొరికిన వందలాది ముక్కలతో అంతకుముందు ఒకసారి కూర్చిన శిరస్త్రాణాన్ని 1970–71లో నైజెల్ విలియమ్స్ విడదీసి కొత్తగా కూర్చారు. అక్కడే దొరికిన, తొలుత హార్ప్‌గా భావించిన తంత్రీవాద్యం లైర్ అని తేలింది. ఆయన గ్రంథం 'ది సట్టన్ హూ షిప్ బరియల్' మూడు సంపుటాలుగా 1975, 1978, 1983లలో వెలువడింది.