సుశ్రుతసంహితయందలి యంత్రశస్త్రములు

సుశ్రుతసంహితయందలి యంత్రశబ్దమునకు మర యని యర్థము చెప్పుట తగదు. శరీరమును బాధించు శల్యమును వెడలఁదీయునది యంత్రము; కోయునది శస్త్రము. సూత్రస్థానము 7వ యధ్యాయమున స్వస్తికములు 24, సందంశములు 2, తాలములు 2, నాడులు 20, శలాకలు 28, ఉపయంత్రములు 25, వెరసి 101 యంత్రములు చెప్పఁబడినవి. అందు హస్తమే ప్రధానము. తక్కినవాని వ్యాపారమెల్ల దాని యధీనము. మర యన్నచో నీ వాక్య మసంగతమగును.

శస్త్రశబ్దము హింసార్థకమగు శసధాతువువలనఁ గరణార్థమున సిద్ధించినది. 8వ యధ్యాయమున నివి 20. వీనికి క్షారము, ఉదకము, తైలము నను మూఁటఁ బదునిడుదురు. నూఱుటకు మినుపవన్నెగల నున్నని ఱాయియు, అంచు నిలుపుటకు బూరుగుపలకయు విహితములు. రోమమును గోయఁగల శస్త్రమే ప్రయోగార్హము. గరుకంచు దోషము, ఎముకఁ గోయు కరపత్రమను ఱంపమునకు మాత్ర మదియే గుణము.