రోగి కోరిందీ పాలే: ప్రఖ్యాతుల వైద్యులూ, వారి బాధ్యతా

“రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే” అనే సామెతను మనవాళ్ళు సంతోష సందర్భంలో వాడతారు. ఇద్దరి ఇష్టాలూ కలిసివచ్చాయని దాని భావం. కాని ఈ సామెత భయంకరంగా నిజమైన సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నాయి. రోగి కోరింది ప్రాణాంతకమైనదే అయినా డాక్టరు దాన్నే రాసి ఇచ్చాడు. రోగులు జగత్ప్రసిద్ధులు గనక ఆ కథలు బయటికి వచ్చాయి.

ఈ కథలను పత్రికలు రెండు విధాలుగా చెబుతూ వచ్చాయి. కీర్తీ డబ్బూ తలకెక్కి వ్యసనానికి బలైన కళాకారుడి కథ ఒకటి. డబ్బుకు గడ్డి తిన్న డాక్టరు కథ మరొకటి. రెంటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని రెంటిలోనూ కనిపించని మూడో పాత్ర ఉంది: కళాకారుడి శ్రమ మీద లాభం తీసే యజమాని. అతన్ని చూడనివాడికి ఈ చరిత్ర అర్థం కాదు. అయితే అతన్ని చూశాక డాక్టరు బాధ్యత మాయమైపోతుందా? నేను పరిశీలించదలచింది ఈ ప్రశ్ననే.

జూడీ గార్లండ్ 1935లో, 13వ ఏట, హాలీవుడ్‌లోని ఎం.జి.ఎం. కంపెనీతో ఒప్పందం చేసుకున్నది. మెలకువగా ఉంచటానికి కొన్ని మాత్రలూ, తరవాత నిద్రపుచ్చటానికి మరికొన్ని మాత్రలూ స్టూడియోలో తమకు ఇచ్చేవారని ఆమే పెద్దయ్యాక చెప్పింది. ఇక్కడ మందుకు రోగంతో నిమిత్తం లేదు. యంత్రానికి చమురు ఎట్లాంటిదో ఈ పిల్లకు మాత్రలు అట్లాంటివి. 1969 జూన్ 22న ఆమె లండనులో, 47వ ఏట, బార్బిట్యురేట్ మాత్రలు మోతాదు మించటం వల్ల చనిపోయింది. అది ఆత్మహత్య కాదనీ, జాగ్రత్త లేక జరిగిందనీ విచారణాధికారి తేల్చాడు. అజాగ్రత్త ఎవరిదన్న ప్రశ్నను 1935 దాకా వెనక్కు తీసుకుపోవటం ఆయన పని కాదు. చరిత్ర రాసేవాడి పని మాత్రం అదే.

రోగి ఎంత పెద్దవాడైతే డాక్టరుకు అంత రక్షణ ఉంటుందని మాక్స్ జాకబ్సన్ ఉదంతం చూపిస్తుంది. న్యూయార్కులో ఈయన సినిమావాళ్ళకూ రాజకీయవేత్తలకూ ఆంఫిటమిన్ కలిపిన ఇంజెక్షన్లు ఇచ్చేవాడు. 1961లో అధ్యక్షుడు కెనడీ కృశ్చేవ్‌ను కలుసుకోవటానికి వియన్నా పోయినప్పుడు ఈయన కూడా పోయాడు. కెనడీ కుటుంబానికి ఫోటోలు తీసిన మార్క్ షా 1969లో ఆంఫిటమిన్ విషప్రభావంతో మరణించాడు. అతను కూడా జాకబ్సన్ రోగే. 1972లో పత్రికలు ఈ సంగతి బయటపెట్టాయి. 1975లోగాని ఆయన లైసెన్సు పోలేదు.

ఎల్విస్ ప్రెస్లీ 1977 ఆగస్టు 16న, 42వ ఏట, మెంఫిస్‌లోని తన ఇంట్లో చనిపోయాడు. గుండె లయ తప్పటమే కారణమని అధికారులు ప్రకటించారు. కాని శరీరంలో అనేక రకాల మందులు బయటపడ్డాయి. ఆ ఏడాది మొదటి 8 నెలల్లోనే ఆయన పేర డాక్టరు జార్జ్ నికోపులస్ రాసిన మందులు 10,000 మోతాదులకు పైగా ఉన్నాయని ఆరోపణ వచ్చింది. 1980లో టెనెస్సీ వైద్యమండలి ఈ డాక్టరు లైసెన్సును 3 నెలలు ఆపింది. 1981లో క్రిమినల్ కోర్టు జూరీ నిర్దోషి అన్నది. చివరికి 1995లో, ఇతర రోగులకు కూడా అతిగా మందులు రాసినందుకు, లైసెన్సు శాశ్వతంగా రద్దయింది.

నికోపులస్ చేసుకున్న వాదన ఆలోచించదగింది. తాను కాదంటే ప్రెస్లీ ఇంకొక డాక్టరు దగ్గరికి పోతాడు. తన చేతిలో ఉంటే కనీసం అదుపులో ఉంటాడు. కొన్ని మాత్రల స్థానంలో తాను ఉత్తుత్తి మాత్రలు కూడా పెట్టాడు. ఇది పూర్తిగా అబద్ధమని నేను అనను. కాని ఈ డాక్టరు ప్రెస్లీ వెంట కచేరీ యాత్రలకు పోయేవాడు. ఇంటికోసం ప్రెస్లీ దగ్గరే పెద్ద మొత్తం అప్పు తీసుకున్నాడు. రోగికి బాకీపడిన వైద్యుడు “నేను కాదంటే” అన్న మాటను పరీక్షించి చూడనేలేదు. కాదనగల స్థితిలో అతను లేడు.

ఈ స్థితి నగ్నంగా కనిపించేది మైకేల్ జాక్సన్ మరణంలో. 2009 జులై నుంచి లండనులో 50 కచేరీలు చెయ్యాలని ఏర్పాటు. నిర్వాహకులు ఎ.ఇ.జి. లైవ్ అనే కంపెనీ. నిద్రపట్టని జాక్సన్‌కు కాన్రాడ్ మరే అనే గుండెజబ్బుల డాక్టరు కుదిరాడు. జీతం నెలకు 1,50,000 డాలర్లని మాట. ఆయన అప్పటికే అప్పుల్లో ఉన్నాడు. జాక్సన్‌కు దాదాపు 2 నెలలపాటు రాత్రిళ్ళు ప్రొపొఫోల్ ఇచ్చానని ఆయనే పోలీసులకు చెప్పాడు. ఇది నిద్రమందు కాదు. ఆపరేషను గదిలో స్పృహ తప్పించటానికి ఇచ్చే మందు. దాని కింద శ్వాస ఆగిపోవచ్చు గనక పక్కన పరికరాలూ, కనిపెట్టి చూసే మనిషీ ఉండితీరాలి. జాక్సన్ పడకగదిలో తగిన పరికరాలు లేవు. ఏ రాత్రి ఏ మందు ఎంత ఇచ్చాడో రాసిన కాగితం లేదు. 2009 జూన్ 25న జాక్సన్ చనిపోయాడు. పరుగెత్తుకొచ్చిన వైద్యసిబ్బందికి డాక్టరు ప్రొపొఫోల్ సంగతి చెప్పలేదు. 2011 నవంబరులో జూరీ ఆయన్ను దోషి అన్నది. శిక్ష 4 ఏళ్ళు. జైల్లో ఉన్నది 2 ఏళ్ళు.

ఈ విచారణలో మత్తువైద్య నిపుణుడు స్టీవెన్ షేఫర్ సాక్ష్యం చెబుతూ, వీరిద్దరి మధ్య ఉన్నది వైద్యుడికీ రోగికీ ఉండే సంబంధం కాదు, యజమానికీ నౌకరుకీ ఉండే సంబంధం అన్నాడు. చాలా గొప్ప మాట. కాని యజమాని ఒక్క జాక్సనేనా? మరణానికి 11 రోజుల ముందు కంపెనీ అధికారి ఒకడు ఈ-మెయిల్‌లో, డాక్టరుకు జీతం ఇస్తున్నది జాక్సన్ కాదు కంపెనీ అనీ, ఆయన నుంచి ఏం ఆశిస్తున్నామో గుర్తుచెయ్యాలనీ రాశాడు. మరేను కోరుకున్నది జాక్సనే, ఆ డబ్బు ఆయనకు బయానా కిందే లెక్క, అని కంపెనీ వాదించింది. 2013 అక్టోబరులో జూరీ తీర్పు విచిత్రంగా వచ్చింది. డాక్టరును కంపెనీ నియమించిన మాట నిజమే. కాని నియమించిన పనికి అతను అనర్హుడు కాడు! కంపెనీ బాధ్యత లేదు. ఆ పని ఏమిటని అడిగితే ఏం జవాబు వస్తుంది? మనిషిని ఆరోగ్యంగా ఉంచటమా, కచేరీకి నిలబెట్టటమా?

ఇక్కడ మన మిత్రుల్లో కొందరు తొందరపడతారు. “చూశారా, తప్పు వ్యవస్థది; డాక్టరు వట్టి పనిముట్టు” అంటారు. నేను ఒప్పుకోను. అదే 2009 ఏప్రిలులో జాక్సన్ షెరిలిన్ లీ అనే నర్సును ఇదే మందు ఇప్పించమని అడిగాడు. ఆమె దాని ప్రమాదం చెప్పి, కుదరదన్నది. ఈ సంగతి ఆమె కోర్టులో ప్రమాణం చేసి చెప్పింది. ఆమె కూడా ఆ వ్యవస్థలోనే బతుకుతున్నది. ఆమె ముందున్నదీ అదే రోగి, అదే కీర్తి, అదే డబ్బు. కాదనటం సాధ్యమేనని ఆ నర్సు రుజువు చేసింది. కనక మరేకు క్షమాపణ లేదు. కాని ఆమె కాదన్నంతమాత్రాన జాక్సన్ బతకలేదు. అవుననేవాడు కొనటానికి దొరికాడు. వ్యక్తి నీతి అవసరమనీ, అది ఒక్కటే చాలదనీ ఈ ఒక్క సంఘటనే చెబుతుంది.

తరవాతి ఉదంతాలు కూడా ఈ దారినే నడిచాయి. ప్రిన్స్ అనే గాయకుడు 2016లో ఫెంటనిల్ కలిసిన నకిలీ మాత్రలవల్ల మరణించాడు. ఆయనకోసం మరొకరి పేర నొప్పిమందు రాశాడన్న ఆరోపణ మీద ఒక డాక్టరు 2018లో 30,000 డాలర్లు కట్టి బయటపడ్డాడు. నటుడు మాథ్యూ పెర్రీ 2023 అక్టోబరు 28న కెటమిన్ ప్రభావంతో చనిపోయాడు. ఆయనకు ఆ మందు అమ్మిన డాక్టరు, ఈ వెర్రివాడు ఎంత ఇస్తాడో అన్న అర్థంలో తోటి డాక్టరుకు సందేశం పంపినట్టు అభియోగపత్రంలో ఉంది. ఆ ఇద్దరు డాక్టర్లూ నేరం ఒప్పుకున్నారు. ప్రెస్లీ కాలంలో కనీసం రోగిని కాపాడుతున్నానన్న ముసుగు ఉండేది. ఇప్పుడది కూడా అక్కర్లేకపోయింది.

ప్రఖ్యాతుల చావులను గురించి మనకెందుకు అనవచ్చు. కాని పర్డ్యూ అనే కంపెనీ 1996లో ఆక్సికాంటిన్ మాత్ర తెచ్చి, అది అలవాటుపడే ప్రమాదం తక్కువన్నట్టు డాక్టర్ల దగ్గర ప్రచారం చేసింది. అపలేషియా బొగ్గుగనుల ప్రాంతంలో నడుం నొప్పికి మాత్ర తీసుకున్న కార్మికుడు దానికి బానిస అయ్యాడు. 2007లో కంపెనీ తప్పుడు ప్రచార నేరం ఒప్పుకున్నది. కంపెనీ, అధికారులు ముగ్గురు కలిసి కట్టవలసివచ్చింది సుమారు 63 కోట్ల డాలర్లు. అధికారుల్లో ఒక్కడు కూడా జైలుకు పోలేదు. నక్షత్రం పడకగదిలో ఒక డాక్టరు అన్న “అవును”నే గనికార్మికుల ఊళ్ళలో వందలమంది డాక్టర్లు అన్నారు. అక్కడ చచ్చినవాళ్ళకు విచారణల ప్రత్యక్షప్రసారం లేదు.

అందుచేత నాకు తోచేది ఇది. డాక్టరు తిండి రోగి దయ మీదగాని, రోగి యజమాని దయ మీదగాని ఆధారపడకూడదు. ప్రమాదకరమైన మందు ఏదైనా తోటి డాక్టరు కంటికి కనపడేటట్టు, కాగితం మీద ఉండాలి. కూలివాడికి ఏ నియమమో కోటీశ్వరుడికీ అదే నియమం ఉండాలి; మినహాయింపు గౌరవం కాదు, ఉరితాడు. ఇవన్నీ చట్టంతో, ప్రజావైద్యంతో సాధించుకోవలసినవి. అవి వచ్చేదాకా కాదనే బాధ్యత వాయిదా పడదు. ఈ పత్రిక చదివే వైద్యవిద్యార్థులు రేపు ఆ మంచం పక్కన నిలబడవలసినవాళ్ళే. రోగి కోరిందాన్నే చెప్పటానికి వైద్యుడు అక్కర్లేదు, అంగడివాడు చాలు.