నాలుగు రెక్కల కిటికీ

ధనుర్మాసం. కోనసీమలో పొద్దు బాగా ఎక్కినా కొబ్బరాకుల మీంచి మంచునీళ్లు రాలుతూనే ఉన్నాయి. పెంకుటింటి వీధరుగు మీద గోనెసంచులు, వాటి మీద పాత పేపర్లు పరిచారు. రండి, చూసి అడుగు వెయ్యండి. తుప్పు పట్టిన మరలు, మడతబందులు అప్పుడే కుప్పగా పడి ఉన్నాయి.

ముందుగదిలో కిటికీ బోసిగా ఉంది. దానికి నాలుగు రెక్కలు, పైన రెండు, కింద రెండు. నడుమ అడ్డపట్టె, నిలువునా ఇనుప చువ్వలు. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే గాలి వస్తుంది, వీధిన పోయేవాళ్ల చూపు మాత్రం రాదు. ఏసీల కాలంలో ఈ తెలివిని మనం మర్చిపోయాం. రెక్కలన్నీ ఇప్పుడు అరుగు మీద స్టూళ్లపైన పడుకుని ఉన్నాయి. పడుకోబెట్టి వేస్తే రంగు కారదు. ఒక్కోదాని వెనకా పెన్సిల్‌తో అంకె రాసి ఉంది. ఇన్నేళ్లు ఒకచోట అరిగిన రెక్క ఇంకోచోట కూర్చోదు మరి.

మేస్త్రి ఇంకా బ్రష్షు ముట్టలేదు. చట్రం మీద రంగును గోటితో గిల్లి చూస్తున్నాడు. స్క్రూడ్రైవర్ పిడితో చెక్కను తడుతున్నాడు. టక్కుమంటే గట్టిది, డొల్లగా మోగితే లోపల చెద. అంతా టక్కుమనే మోగింది. టేకు కదా.

"చెక్కకేం లేదంటారా?"

"ఆయ్, చెక్క బంగారవండి. ఇక్కడ చూడండి." కింది రెక్కను తిరగేసి అడుగు అంచు చూపించాడు.

ఆ అంచుకి ఏనాడూ రంగు తగల్లేదు. కంటికి కనపడని చోటు, ఎవరు వేస్తారు? వానజల్లు జారి వచ్చి నిలిచేది అక్కడే. చెక్క తడి పీల్చేది ఆ కోసిన కొసల నుంచే. వానాకాలంలో ఉబ్బి రెక్క బిగుసుకుపోతుంది, వేసవిలో కుంచించుకుని రంగును చీలుస్తుంది. బయట ఎంత ఖరీదైన ఎనామిల్ పూసినా లోపలి తడి దాన్ని పొక్కులుగా పైకి నెడుతుంది. మనం రంగుల డబ్బాను తిడతాం.

గీకుడు మొదలైంది. పొడి చెక్క మీద కాదు, నీళ్లు చిలకరించి. గీకే పట్టీ కింద పైపొర గోధుమరంగు పెచ్చులుగా లేస్తోంది. దాని కింద నీలం, ఏ పెళ్లికో వేసి ఉంటారు. నీలం కింద ముదురు ఆకుపచ్చ. పాత ఇళ్ల కిటికీలన్నిటికీ కనిపించే ఆ పచ్చే. అక్కడ చెయ్యి ఆగాలి.

ఒకప్పటి పసుపు, నారింజ, ఆకుపచ్చ ఎనామిల్ రంగుల్లో సీసం కలిసిన క్రోమ్ పసుపు వాడేవారు. దానికి నీలం కలిపితే పచ్చ. గోడకో తలుపుకో పట్టుగా అంటుకుని ఉన్నంతకాలం ఆ సీసంతో ముప్పు తక్కువే. ఆ రంగును ఉప్పు కాగితంతో రుద్ది దుమ్ము లేపితే ప్రమాదం. ఆ దుమ్ము నేల మీద పడుతుంది. పాకే పిల్లల చేతికి, చేతి నుంచి నోటికి చేరుతుంది, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. ఇంత మోతాదు వరకూ పర్వాలేదు అనే హద్దు కూడా లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

"మా నాన్న రోజుల్లో మంటపెట్టి కాల్చేసేవోళ్లవండి. బుడబుడా పొంగేది, ఊడొచ్చేది," అంటున్నాడు మేస్త్రి. కాలిస్తే పొగలోనూ సీసమే. ఆయన నోటికి ఇప్పుడు తువ్వాలు కాదు, ఎన్95 మాస్కు. మొదట్లో ఊపిరాడట్లేదని గొణిగాడు.

లోపలి నుంచి చంటాడు గడప దాటబోతున్నాడు. "అత్తయ్యగారూ, వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్లరా!" కోడలి కేక.

కాబట్టి పచ్చ పొర గట్టిగా ఉన్నచోట దాన్ని కదిలించడం లేదు. తడిపి, వాటర్ పేపర్‌తో మెరుపు పోయేదాకా మాత్రం రుద్దుతున్నాడు. కొత్త రంగుకి పట్టు దొరికితే చాలు. నున్నగా కొత్తచెక్క తేలేదాకా గీకించాలని పట్టుబట్టే ఇంటివాళ్లుంటారు. చిన్నపిల్లలున్న ఇంట్లో అది మొండితనమే. పెచ్చులు, తడి ముద్ద అంతా పేపర్లతో సహా చుట్టి సంచిలో కట్టేశాడు. చీపురు పట్టలేదు, తడిగుడ్డతోనే తుడిచాడు.

తడి పూర్తిగా ఆరేదాకా పని లేదు. ఆరాక చెక్క తేలినచోట ప్రైమర్. మేస్త్రి ముందు వేసింది ఆ అడుగు అంచులకే, అదీ రెండుసార్లు. తర్వాత లప్పం. సుద్దపొడిలో అవిసెనూనె పోసి చపాతీ పిండిలా మర్దించాడు. ఆ వాసనకి పాతింటి పండగపూటలు గుర్తొస్తాయి కొందరికి. ప్రైమర్ లేకుండా లప్పం పెడితే ఎండుచెక్క నూనెంతా లాగేసుకుంటుంది, మిగిలిన సుద్ద ఏడాది తిరక్కుండా పొడిపొడిగా రాలుతుంది. చువ్వలకు తుప్పు దులిపి రెడ్ ఆక్సైడ్ పూశాడు.

రంగు రోజు మళ్లీ మంచు గొడవ. పొద్దున చెక్క చెమ్మగా ఉంటుంది, సాయంత్రం మంచు దిగితే పచ్చి ఎనామిల్ మెరుపు చచ్చిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో వేస్తే పైన తోలు కట్టి లోపల పచ్చిగా ఉంటుంది. అందుకే మంచు ఆరాక మొదలుపెట్టి, అరుగు నీడలోనే, మూడోజాముకి ముగించాలి. బ్రష్షు మూడోవంతే ముంచి, డబ్బా అంచుకి ఒత్తి, చివరి చెయ్యి చెక్క ఈనె వెంట లాగుతున్నాడు. రెక్క రెక్కకి ఆనే అంచుల దగ్గర మరీ పల్చగా. అక్కడ మందం పెరిగితే పండగనాటికి కిటికీ మూతపడదు. పల్చటి పూతలు రెండు, నడుమ ఒక రాత్రి ఆరాలి, మెత్తగా ఒక రుద్దుడు.

రంగు ఏదని అడుగుతారేమో, మళ్లీ ఆకుపచ్చే. అయితే ఇది సీసం పచ్చ కాదు. ఇంట్లో వాడే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని కేంద్రం 2016లో నియమం చేసింది, 2017 నవంబరు నుంచి అది అమల్లో ఉంది. డబ్బా మీద ఆ మాట అచ్చువేయాలి. కొట్లో ధర అడిగే ముందు డబ్బా తిప్పి ఆ ముక్క చదవండి, లేకపోతే అక్కడే పెట్టేసి రండి.