రామప్పపంతులు వేసినవాడే శంకరశాస్త్రి: జె.వి. సోమయాజులు నటజీవితంలో రంగస్థలం పాలు

1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైంది. అందులో సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రిగా తెరమీద కనిపించిన మనిషికి అప్పటికే యాభై దాటాయి. వృత్తి రెవెన్యూ శాఖలో, హోదా డిప్యూటీ కలెక్టరు. ఇంత వయసులో ఇంతటి నటుడు ఎక్కడ నుంచి ఊడిపడ్డాడని ప్రేక్షకులు ఆశ్చర్యపోయారు. ఆ ఆశ్చర్యం నేటికీ మన రాతల్లో మిగిలే ఉంది. జొన్నలగడ్డ వెంకట సోమయాజులు గురించి వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం 1980తో మొదలవుతాయి. అంతకుముందు మూడు దశాబ్దాల నాటకానుభవం ‘రంగస్థల నటుడు కూడా’ అన్న ఒక్క ముక్కలో ముగిసిపోతుంది. ఈ వరుసను తిరగేసి చూడాలన్నది నా ప్రతిపాదన. ఆయన నటజీవితానికి మూలం ‘కన్యాశుల్కం’ నాటకంలో వేసిన రామప్పపంతులు. శంకరశాస్త్రి ఆ మూలం నుంచి వచ్చినవాడు.

సోమయాజులు 1928లో లుకలాం అగ్రహారంలో పుట్టారు. తమ్ముడు జె.వి. రమణమూర్తి 1933లో అదే ఊళ్లో పుట్టారు. నరసన్నపేట దగ్గర ఊరది. అక్కడి నుంచి ఉత్తరానికి సాగే రహదారి కోటబొమ్మాళి, టెక్కలి దాటి పలాసకు, ఆపైన ఉద్దానం కొబ్బరితోటల పక్కగా ఇచ్ఛాపురానికి పోతుంది. వాళ్లు పుట్టేనాటికి ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1936లో ఒడిశా ఏర్పడ్డాక తెలుగు భాగాలు విశాఖ జిల్లాలో కలిశాయి. శ్రీకాకుళం 1950లో విడి జిల్లా అయింది. ఈ సరిహద్దుల మార్పుకు నటన చరిత్రలోనూ పని ఉంది. ఒడియా రంగస్థలంలో పేరెన్నికగన్న ‘ప్రహ్లాద నాటక’ పుట్టింది జలంతర రాజుల ఆస్థానంలో. ఆ జలంతర ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. రెండు భాషలు ఒకే పందిరి కింద వినిపించిన నేల ఇది.

అన్నదమ్ములు నటులుగా రూపుదిద్దుకున్నది మాత్రం విజయనగరంలో. గురజాడ ‘కన్యాశుల్కం’ తొలిసారి ఆడింది ఆ ఊళ్లోనే, 1892లో. 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని బాగా పెంచి, దాదాపు కొత్త నాటకంగా మళ్లీ ప్రచురించారు. ఏడంకాల ఆ రెండో కూర్పును ఉన్నదున్నట్టు ఆడితే రాత్రి తెల్లవారిపోతుంది. అందుకే ప్రదర్శించిన ప్రతి సమాజమూ కత్తెర పట్టక తప్పలేదు. ఏ రంగం తీసేయాలి, ఏ మాట ఉంచాలి అన్నది తేల్చుకోవడమే ఈ నాటకానికి మొదటి దర్శకత్వం. రమణమూర్తి గిరీశంగా, సోమయాజులు రామప్పపంతులుగా ఆ నాటకాన్ని నలభై ఏళ్లకు పైగా, వందల ప్రదర్శనల్లో ఆడారు. దర్శకత్వ భారం రమణమూర్తిది.

పద్యనాటకాల కంట్రాక్టు నటుల బతుకు వేరు, వీళ్లది వేరు. వీళ్లు అమెచ్యూర్లు. పగలు ఆఫీసు, సాయంత్రం రిహార్సలు, సెలవు దొరికితే పొరుగూరిలో ప్రదర్శన. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిన తర్వాత తెలుగు వచననాటకాన్ని భుజాన మోసినవాళ్లలో గుమాస్తాలు, బడిపంతుళ్లు, రెవెన్యూ ఉద్యోగులు పెద్దసంఖ్యలో ఉన్నారు. ఈ వర్గపు నటనను ‘తీరిక వేళల సరదా’గా తీసిపారేసే అలవాటు మన నాటక చరిత్రకారుల్లో కొందరికి ఉంది. అది పొరపాటు. జీతం కోసం కాక పాత్ర కోసం నలభై ఏళ్లు ఒకే వేషం కట్టిన మనిషిని సరదారాయుడు అనలేం.

రామప్పపంతులు ఎవరు? వ్యాజ్యాలు పుట్టించి, కాగితాలు తారుమారు చేసి, ఊరి తగాదాల మీద బతికే మనిషి. వేశ్య మధురవాణి ముందు దర్జా, అవతల ఎవరైనా గట్టిగా నిలబడితే పిరికితనం. గొప్పలు చెప్పుకుంటూనే పదేపదే దెబ్బ తింటాడు. ఇలాంటి పాత్రను వేసిన నటుడు పగలంతా భూముల తగాదాలు, అర్జీలు, కరణాల లెక్కల మధ్య గడిపే రెవెన్యూ అధికారి కావడాన్ని నేను కేవలం కాకతాళీయం అనుకోను. కాగితం పట్టుకుని నంగిగా నిలబడేవాడు, చట్టం పేరు చెప్పి బెదిరించేవాడు, పైవాడిని చూడగానే నడుం వంచేవాడు ఆ ఉద్యోగంలో రోజూ ఎదురుపడే మనుషులే. నటుడికి అంతకు మించిన పాఠశాల ఏముంటుంది?

మధురవాణి ఇంట్లో గిరీశం, రామప్పపంతులు ఒకే మంచం కింద దూరే రంగం తెలుగు నాటకంలోకెల్లా కష్టమైన హాస్యరంగాల్లో ఒకటి. పూటకూళ్లమ్మ చీపురు ఎప్పుడు లేవాలో, ఎవరి నోట మాట ఎప్పుడు ఆగాలో అరక్షణం తేడా వచ్చినా నవ్వు చచ్చిపోతుంది. దాన్ని తోడబుట్టిన ఇద్దరు దశాబ్దాల తరబడి కలిసి ఆడారు. ఒకరి ఊపిరి ఒకరికి తెలిసిన ఆట అది. గిరీశం పేరే రమణమూర్తికి ఇంటిపేరులా అతుక్కుంది. 1957లో ‘ఎం.ఎల్.ఎ.’తో సినిమాల్లోకి వెళ్లి ఎన్నో చిత్రాల్లో నటించినా, 2016లో ఆయన పోయినప్పుడు పత్రికలు మొదట తలచుకున్నది గిరీశాన్నే.

ఇప్పుడు శంకరశాస్త్రి దగ్గరికి వద్దాం. రామప్పపంతులు వాగుడుకాయ, శంకరశాస్త్రి మితభాషి. ఒకడి ఒళ్లంతా కదులుతుంది, రెండోవాడు చూపుతోనే పని నడుపుతాడు. ఇంత దూరపు పాత్రల్ని ఒకే మనిషి ఎలా పట్టాడని అడిగితే నాకు దొరికే జవాబు ఇది: అతికదలికను అదుపులో పెట్టడం ఏళ్ల తరబడి సాధన చేసినవాడికే కదలకుండా ఉండటం తెలుస్తుంది. పాటలో గొంతు బాలసుబ్రహ్మణ్యానిది, బాణీ మహదేవన్‌ది, మాట జంధ్యాలది, చట్రం దర్శకుడు విశ్వనాథ్‌ది. ఇన్ని చేతుల పని మధ్య నటుడికి మిగిలేది వెన్నెముక నిలుపు, మెడ తిప్పే తీరు, మౌనం. ఆ మూడింటితోనే ఆయన తన విద్వాంసుణ్ణి నిలబెట్టాడు. చివరి వరుస దాకా చూపు చేరవేయడం నేర్పిన రంగస్థలమే, దగ్గరగా వచ్చిన కెమెరా ముందు ఆ చూపును ఎంత తగ్గించాలో కూడా నేర్పింది.

తర్వాత ‘వంశవృక్షం’, ‘త్యాగయ్య’, ‘సప్తపది’ వచ్చాయి. అన్నీ పెద్దమనుషుల పాత్రలే. సినిమా ఆయన్ను ఒక ఆసనం మీద కూర్చోబెట్టి గౌరవించింది, కానీ దిగి రామప్పపంతుల్లా పరుగెత్తే చోటు ఇవ్వలేదు. ఆ చోటు ఇచ్చింది టెలివిజన్. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలైన నాటి నుంచి తెలుగు బుల్లితెర నాటకరంగం మీద గట్టిగా ఆధారపడింది. సంభాషణ నడపగలవాళ్లు అక్కడ సిద్ధంగా ఉన్నారు మరి. ‘కన్యాశుల్కం’ సీరియల్‌గా వచ్చినప్పుడు సోమయాజులు మళ్లీ రామప్పపంతులయ్యారు. వేదిక మీద మూడు గంటల కోసం కత్తిరించాల్సి వచ్చే ఏడంకాల నాటకం భాగాలుగా నడిచే సీరియల్‌లో కాళ్లు చాపుకోగలిగింది. ఈ నాటకానికి వేదిక కన్నా, సినిమా కన్నా సీరియలే సరైన కొలత అని నా అభిప్రాయం. దాన్ని చిన్నచూపు చూడటం మానాలి.

2004లో సోమయాజులు కన్నుమూశారు. వందల రాత్రులు ఆడిన రామప్పపంతులు ప్రేక్షకుల జ్ఞాపకాల్లో మిగిలాడు, రెండు గంటల పైచిలుకు శంకరశాస్త్రి రీళ్లలో మిగిలాడు. చరిత్ర రీళ్ల వైపే మొగ్గింది. ఈ నష్టం ఆయన ఒక్కరిదే కాదు. ఉద్దానంలో బొడ్డపాడు శివాలయ పూజారిగా ఉంటూ జముకులకథ అనే జానపద రూపాన్ని శ్రీకాకుళ రైతాంగ ఉద్యమ కళగా మార్చిన సుబ్బారావు పాణిగ్రాహిని 1969 డిసెంబరులో కాల్చి చంపారు. ఆయన పాటలు నోటి నుంచి నోటికి బతికాయి. చేతిలో జముకు పలికిన తీరు, కథ చెబుతూ వేసిన అడుగు ఆ తరంతోనే పోయాయి. పలాస, టెక్కలి సంతల పందిళ్లలో వేషం కట్టిన తూర్పు భాగవతుల సంగతీ అంతే. సినిమాల్లో, టీవీలో సిక్కోలు (శ్రీకాకుళం) యాస ఎక్కువగా నవ్వించే పనివాడి నోటికి పరిమితమవడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను. ఈ నేల నటులు బరువైన పాత్రల్లో ఎలా మాట్లాడారో వినిపించే ఆధారాన్ని మనం దాచుకోలేదు.

కథ కోసం కథకుడు కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం కట్టారు. పాత పత్రికలు పోగుచేస్తే ఒక సాహిత్యరూపపు చరిత్ర నిలబడుతుందని ఆ ఇల్లు చూపించింది. నాటకానికీ ఆ పని జరగాలి. నరసన్నపేట నుంచి ఇచ్ఛాపురం దాకా ఎవరి ఇంట్లోనైనా తాతో, మేనమామో నాటకాలాడి ఉంటే, అటకమీది ట్రంకుపెట్టె ఒకసారి దింపండి. కత్తిరింపు గీతలున్న నాటకం ప్రతి, కరపత్రం, మేకప్‌తో దిగిన ఫోటో, రిహార్సల్ క్యాసెట్టు, ఏది దొరికినా పారేయకండి. వెనకవైపు ఊరు, ఏడాది, పాత్రల పేర్లు పెన్సిలుతో రాసి, దగ్గరలోని గ్రంథాలయానికో కళాశాల తెలుగు శాఖకో నకలు ఇవ్వండి.